కుతకుతలాడే నీటిలో వైరస్‌లు

పాలు కాచి తాగాలనీ, వానాకాలంలో మంచినీళ్ళు మరగబెట్టి తాగాలనీ మీ ఇంట్లో పెద్దలు చెబుతూనే ఉంటారు. వేడికి రోగక్రిములు చస్తాయి కనుక ఈ జాగ్రత్త. ఎందుకు చస్తాయో తెలుసుకోవాలంటే కోడిగుడ్డును చూడండి. పచ్చిగా ఉన్నప్పుడు జిగటగా, గాజులా కనిపించే సొన, వేడి 80 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరేసరికి తెల్లగా గట్టిపడిపోతుంది. దానిలోని ప్రోటీన్ల మడతలు విడిపోయి, ఒకదానితో ఒకటి చిక్కుపడిపోవడమే దీనికి కారణం. ఉడికిన గుడ్డును మళ్ళీ పచ్చి గుడ్డుగా చేయడం మన తరం కాదు. జీవకణంలో పనులు నడిపేవి ముఖ్యంగా ప్రోటీన్లే కదా! అవి ఉడికిపోతే ఇక కణం బతికేదెలా?

ఆ వేడికి పులుపు కూడా తోడైందనుకుందాం. నిమ్మరసమంత పుల్లని నీటిని 80 డిగ్రీల దగ్గర ఒక రోజో, నెలో కాదు, ఏళ్ళ తరబడి కాగనిచ్చామనుకుందాం. అందులో ఏ ప్రాణి అయినా ఉంటుందా? ఉండదనే ఎవరైనా అంటారు. కాని అటువంటి నీటి గుంటలు భూమి మీద నిజంగానే ఉన్నాయి. వాటిలో ప్రాణులు ఉన్నాయి. ఆ ప్రాణులకు పట్టే వైరస్‌లు కూడా ఉన్నాయి! అవి అక్కడ ఎలా నెగ్గుకొస్తున్నాయో తెలుసుకునేసరికి, వైరస్ గురించి మనం బడిలో చదువుకునే ఒక వాక్యాన్ని కొంత సవరించుకోవలసి వచ్చింది. ఆ కథ చూద్దాం.

గంధకపు గుంటలు

అమెరికాలోని ఎల్లోస్టోన్, ఇటలీలో నేపుల్స్ నగరం దగ్గరి సోల్ఫటారా, ఐస్‌లాండ్ దేశం, జపాన్‌లోని బెప్పు పట్టణం, ఇవన్నీ అగ్నిపర్వతాలకు సంబంధించిన ప్రాంతాలు. అక్కడ భూమి లోపలి వేడికి నీరు సలసల కాగి పైకి ఉబుకుతుంది. దానితోబాటు కుళ్ళిన గుడ్ల కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడు వాయువు వస్తుంది. అది ఆక్సిజన్‌తో కలిస్తే గంధకం, గంధకం ఇంకా ఆక్సీకరణం చెందితే గంధకికామ్లం తయారవుతాయి. అందుకే ఆ గుంటల్లో చాలావాటి నీరు వేడిగానే కాదు, బాగా ఆమ్లంగా కూడా ఉంటుంది.

ఆమ్ల గుణాన్ని పి.హెచ్. అనే అంకెతో కొలుస్తారని మీకు తెలుసు. స్వచ్ఛమైన నీటి పి.హెచ్. 7. అంకె ఒకటి తగ్గిన ప్రతిసారీ ఆమ్ల గుణం పదిరెట్లు పెరుగుతుంది. ఈ గుంటల్లో అది 2 లేక 3 ఉంటుంది. అంటే మామూలు నీటికన్నా పదివేల నుంచి లక్ష రెట్లు ఎక్కువ ఆమ్లమన్నమాట!

థామస్ బ్రాక్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1960లలో ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గలను పరిశీలించడం మొదలుపెట్టారు. అటువంటి ఆమ్లపు గుంటల్లో పెరిగే ఒక సూక్ష్మజీవిని ఆయనా, ఆయన సహచరులూ 1972లో వర్ణించి, దానికి సల్ఫోలోబస్ అని పేరు పెట్టారు. దీనికి 75, 80 డిగ్రీల వేడిలో హాయిగా ఉంటుంది. మన శరీరపు వేడి, 37 డిగ్రీలు, దానికి గడ్డకట్టించే చలి వంటిది. విచిత్రమేమిటంటే, బయట అంత ఆమ్లం ఉన్నా కణం లోపల మాత్రం పి.హెచ్. 6 పైచిలుకే! లోనికి చొరబడే ఆమ్లాన్ని కణం ఎప్పటికప్పుడు బయటికి తోడిపోస్తూ ఉంటుంది. దాని పొర కూడా గట్టిది. మన కణాల పొరలో కొవ్వు అణువులు రెండు వరుసల్లో, ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. సల్ఫోలోబస్ పొరలో ఒక్కొక్క అణువు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సాగి ఉంటుంది. రెండు బట్టలను కలిపి కుట్టేసినట్టన్నమాట. ఇక అవి వేడికి విడిపోవడమనేదే లేదు.

జీవవృక్షంలో మూడో శాఖ

చూపులకు సల్ఫోలోబస్ బాక్టీరియా లాగే ఉంటుంది. దానికి కేంద్రకం లేదు. కాని అది బాక్టీరియా కాదు. 1977లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ అనే శాస్త్రజ్ఞులు ఒక కొత్త సంగతి ప్రకటించారు. ప్రతి కణంలోనూ ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములు ఉంటాయి. వాటిలోని ఆర్.ఎన్.ఎ. వరుసలను వారు జీవి జీవికీ పోల్చి చూశారు. మీథేన్ వాయువును పుట్టించే కొన్ని సూక్ష్మజీవులు బాక్టీరియాతో కలవలేదు. మొక్కలు, జంతువులున్న వర్గంతోనూ కలవలేదు. అవి వేరే శాఖ! కొద్దికాలంలోనే ఉప్పు కయ్యల్లో బతికే కొన్ని జీవులూ, సల్ఫోలోబస్ వంటి వేడిప్రియులూ ఆ శాఖలోనే చేరాయి. ఆ శాఖకు 1990 నుంచి ఆర్కియా అన్న పేరు స్థిరపడింది.

బాక్టీరియాకు పట్టే వైరస్‌లున్నాయి. మొక్కలకు, జంతువులకు, మనకు పట్టేవి ఉన్నాయి. మరి ఈ మూడో శాఖకు మాత్రం ఉండవా?

పాఠంలోని వాక్యం

వైరస్ అంటే ఏమిటో ఒకసారి గుర్తుచేసుకోండి. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ, 1898లో హాలండులో బైజరింక్ పొగాకు మొక్కల తెగులును పరిశీలించి, బాక్టీరియాను ఆపే వడపోతను కూడా దాటిపోయే రోగకారకం ఒకటుందని కనుగొన్నారు. 1935లో అమెరికాలో వెండెల్ స్టాన్లీ ఆ పొగాకు వైరస్‌ను పటికబెల్లంలాగా స్ఫటికాలుగా తయారుచేశారు! ఆ స్ఫటికాలు సీసాలో ఉన్నంతసేపూ ఉప్పుకళ్ళలాగా పడి ఉండేవి. ఆకుకు రాస్తే మళ్ళీ తెగులు పుట్టేది. అందుచేత మన పాఠాల్లో ఇలా రాస్తారు: "వైరస్ జీవకణం లోపల మాత్రమే చురుకుగా ఉంటుంది, కణం వెలుపల అది ఏ మార్పూ లేని జడపదార్థం."

పొగాకు వైరస్‌కు బయట జడంగా పడి ఉన్నా నష్టం లేదు. జలుబు వైరస్ తుంపరలో దాగి ఒకరి నుంచి మరొకరికి పోతుంది. కాని సల్ఫోలోబస్‌కు పట్టే వైరస్ సంగతి వేరు. కణం లోపల ఆమ్లం లేదు, అంతా క్షేమం. కణం దాటి అడుగు బయటపెడితే మరిగే ఆమ్లం! వైరస్ జన్యువులు డి.ఎన్.ఎ.లో ఉంటాయి. డి.ఎన్.ఎ. మెలి తిరిగిన నిచ్చెన వంటిది. వేడి ఎక్కువైతే నిచ్చెన మధ్యకు చీలి రెండు పోగులు విడిపోతాయి. ఆమ్లం తగిలితే మెట్లు ఊడిపోతాయి. మరో కణం దొరికేదాకా ఆ డి.ఎన్.ఎ. చెడకుండా ఎలా ఉండాలి? వేడిప్రియుల వైరస్‌లన్నిటికీ ఉన్న సమస్య ఇదే. దీనికి అవి రకరకాల ఉపాయాలు కనిపెట్టుకున్నాయి.

ఇల్లు కదలని నిమ్మకాయ

జర్మనీలో మ్యూనిక్ నగరం దగ్గర మాక్స్ ప్లాంక్ జీవరసాయన సంస్థలో వోల్‌ఫ్రామ్ జిల్లిగ్ అనే శాస్త్రజ్ఞుడు ఉండేవారు. ఐస్‌లాండ్, ఇటలీ వేడి గుంటల నుంచి ఎన్నో ఆర్కియాలను సేకరించి పెంచిన మనిషి ఆయన. జపాన్‌లోని బెప్పు నుంచి వచ్చిన ఒక సల్ఫోలోబస్‌లో ఆయన బృందానికి చిన్న గాజులా గుండ్రంగా చుట్టుకున్న డి.ఎన్.ఎ. కనిపించింది. ఆ కణాల మీద అతినీలలోహిత కిరణాలు ప్రసరింపజేస్తే ఆ డి.ఎన్.ఎ. సంఖ్య ఒక్కసారిగా పెరిగేది. 1984లో ఎలెక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూస్తే నీటిలో చిన్న చిన్న రేణువులు కనిపించాయి. ఆకారం అచ్చం నిమ్మకాయ! పొడవు 90 నానోమీటర్లు, వెడల్పు 60. వెయ్యింటిని వరుసగా పేర్చినా మన తలవెంట్రుక మందమే అవుతుంది.

అయినా వారు దాన్ని తొందరపడి వైరస్ అనలేదు. "వైరస్ వంటి రేణువు" అన్నారు. కణం నుంచి బయటపడినంత మాత్రాన అది వైరస్ అయిపోదు. అది మరో కణంలోకి ప్రవేశించి, అక్కడ తనవంటివాటిని పుట్టించాలి. దాన్ని పరీక్షించడం ఎలా? మామూలుగా సూక్ష్మజీవులను చైనా గడ్డితో చేసిన జెల్లీ మీద పరచి, దానిపై వైరస్ చల్లుతారు. వైరస్ సోకినచోట మచ్చ పడుతుంది. కాని చైనా గడ్డి జెల్లీ 85 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది; ఆమ్లం తగిలితే దాని పట్టు ఇంకా ముందే సడలుతుంది. అందుకని వేడిప్రియులకోసం జెల్లాన్ అనే మరో జిగురు వాడతారు. ఇన్ని తంటాలు పడ్డాక, 1992లో క్రిస్టా ష్లెపర్, జిల్లిగ్ తదితరులు ఆ రేణువు మరో జాతి సల్ఫోలోబస్‌కు సోకుతుందని రుజువు చేశారు. ఆ రెండో జాతి సోల్ఫటారాలో దొరికిన రకం. చూడండి, జపాన్ గుంటలోని వైరస్ ఇటలీ గుంటలోని జీవికి పట్టింది! ఆనాటికి గాని ఆ రేణువుకు వైరస్ అనే పేరు న్యాయంగా దక్కలేదు. ఆ రెండు జాతులనూ 2018 తరువాత శాకరోలోబస్ అనే కొత్త పేరుతో పిలుస్తున్నారు.

ఈ నిమ్మకాయ వైరస్ ఉపాయం సులువైనది. బయట ప్రమాదం కనుక వీలైనంత వరకు బయటికి రాకపోవడమే దాని పద్ధతి. కణంలో చేరగానే తన డి.ఎన్.ఎ.ను కణం డి.ఎన్.ఎ.లో ఒక నిర్ణీత స్థానంలో కలిపేసి, ఇల్లరికపుటల్లుడిలా స్థిరపడిపోతుంది. కణం రెండైతే వైరస్ డి.ఎన్.ఎ. కూడా రెండిటికీ వెళుతుంది. అతినీలలోహిత కిరణాల వంటి దెబ్బ తగిలినప్పుడు సంఖ్య పెంచుకుని బయటికి వస్తుంది. వచ్చేటప్పుడు కూడా కణాన్ని బద్దలుకొట్టదు.

డి.ఎన్.ఎ.కు దుప్పటి

ఐస్‌లాండ్ గుంటల్లో దొరికిన మరో వైరస్ సన్నని కడ్డీలా ఉంటుంది. పొడవు 900 నానోమీటర్లు, మందం 23. దీన్ని 1999లో వర్ణించినవారు దావిద్ ప్రంగిష్విలి, జిల్లిగ్, వారి సహచరులు. దానిలో 35 వేలకు పైగా మెట్లున్న డి.ఎన్.ఎ. నిచ్చెన ఉంది. మామూలు డి.ఎన్.ఎ. లెక్కన దాన్ని సాగదీస్తే 12 వేల నానోమీటర్లు వస్తుంది. అంతటి పోగు ఇంత చిన్న కడ్డీలో ఎలా ఇమిడింది? అందులో ఎలా భద్రంగా ఉంది?

ఈ ప్రశ్నకు 2015లో సమాధానం దొరికింది. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ ఎగెల్మాన్, పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ప్రంగిష్విలి, వారి సహచరులు కలిసి ఆ కడ్డీని అతిశీతల ఎలెక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరీక్షించారు. మన కణాల్లోని డి.ఎన్.ఎ. మామూలుగా బి రూపంలో ఉంటుంది. తడి ఆరిపోతే అది కొంచెం పొట్టిగా, లావుగా మారి ఎ రూపం పొందుతుంది. ఈ రెండు రూపాల తేడాను 1950లలో ఎక్స్-కిరణాల ఛాయాచిత్రాలతో స్పష్టంగా చూపినవారు లండన్‌లోని రోజలిండ్ ఫ్రాంక్లిన్. వైరస్ కడ్డీలోని డి.ఎన్.ఎ. ఆసాంతం ఎ రూపంలోనే ఉందని 2015లో తేలింది! వైరస్ ప్రోటీన్లు దాని చుట్టూ దుప్పటిలా చుట్టుకుని, నీటి చుక్కను దగ్గరికి రానివ్వడం లేదు. మరిగే నీటి మధ్యన డి.ఎన్.ఎ. పొడిగా ఉందన్నమాట!

కొన్ని బాక్టీరియాలు గడ్డుకాలం వచ్చినప్పుడు సిద్ధబీజాలుగా మారి ఏళ్ళ తరబడి నిద్రపోతాయి. వాటిలో కూడా ప్రోటీన్లు డి.ఎన్.ఎ.ను ఎ రూపం వైపే తిప్పుతాయి. ఎండకు, చలికి తట్టుకునే సిద్ధబీజమూ, మరిగే ఆమ్లాన్ని తట్టుకునే వైరసూ ఒకే ఉపాయం పట్టాయంటే ఆశ్చర్యంగా లేదూ!

ఏడు పలకల తలుపు

ఇంత గట్టి పొరగల కణం నుంచి ఆ కడ్డీలు బయటికి ఎలా వస్తాయి? 2009లో ఎలెక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఈ సంగతి తేలింది. వైరస్ సోకిన కణం ఉపరితలం మీద చిన్న గోపురాలు పొడుచుకు వస్తాయి. ఒక్కొక్క గోపురానికి సరిగ్గా ఏడు పలకలు. లోపల వైరస్‌లు సిద్ధమయ్యాక గోపురం మొగ్గ విచ్చుకున్నట్టు ఏడు రేకులుగా తెరుచుకుంటుంది. ఆ తలుపులోనుంచి వైరస్‌లు బయటికి వెళ్ళిపోతాయి. ఖాళీ గూడులా కణం మిగిలిపోతుంది. ఇంతకూ ఆ గోపురాన్ని కట్టేది ఎన్నో రకాల ప్రోటీన్లు కాదు, 98 అమైనో ఆమ్లాలు గల ఒకే ఒక ప్రోటీన్! దాని జన్యువును మన పేగుల్లో ఉండే ఇ. కోలై అనే బాక్టీరియాలో పెట్టి చూస్తే అక్కడ కూడా గోపురాలు లేచాయి. అంటే ఈ కట్టడానికి కావలసిన తెలివంతా ఆ చిన్న ప్రోటీన్‌లోనే ఉందన్నమాట.

బయట పెరిగే తోకలు

ఇక అన్నిటికన్నా వింతైనది. నేపుల్స్ దగ్గరి పొజ్జువోలీలో ఒక గుంట ఉంది. నీటి వేడి 90 డిగ్రీల దరిదాపుల్లో, పి.హెచ్. 1.5. అక్కడి అసిడియానస్ అనే ఆర్కియాకు పట్టే వైరస్ గురించి 2005లో ప్రంగిష్విలి బృందం ప్రకటించింది. ఈ వైరస్ కణం నుంచి బయటపడేటప్పుడు నిమ్మకాయలాగే ఉంటుంది. కాని కణాల దగ్గర పట్టిన నీటి నమూనాల్లో నిమ్మకాయలతోబాటు మరికొన్ని రేణువులు కనిపించాయి. వాటికి రెండు కొసల్లోనూ పొడవాటి తోకలు! అవి వేరే వైరస్‌లేమో అన్న అనుమానం రావడం సహజం.

అందుచేత తోకలు లేని నిమ్మకాయలను మాత్రమే వేరుచేసి, కణాలన్నవి లేని ద్రవంలో ఉంచి, వేడి చేసి చూశారు. తిండి లేదు, శక్తినిచ్చే పదార్థమేదీ లేదు. అయినా వాటికి తోకలు మొలిచాయి! 75 డిగ్రీల దగ్గర ఈ మార్పు నెమ్మదిగా, రోజుల తరబడి సాగింది. తోకలు సాగినకొద్దీ మధ్యనున్న శరీరం తగ్గిపోయింది. చల్లని చోట ఉంచినవి మాత్రం ఎలా ఉన్నవి అలాగే ఉండిపోయాయి.

దీనిలో మంత్రమేమీ లేదు. వైరస్ ప్రోటీన్లు ముందే ఒక అమరికలో బిగించి ఉంటాయనీ, వేడి తగలగానే అవి మరో అమరికలోకి జారుతాయనీ శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఆతిథ్యమిచ్చే కణాలు పలచగా ఉండే గుంటలో, పొడవైన తోకలున్నది కణాన్ని తగులుకోవడం సులభం కావచ్చునని వారి ఊహ. మన పాఠంలోని వాక్యం ఇక్కడే తడబడుతుంది. కణం బయట, ఎవరి సాయమూ లేకుండా, ఒక వైరస్ తన ఆకారం మార్చుకుంది!

చాలా పాత చుట్టరికం

సీసా ఆకారపు వైరస్‌లు, తీగ చుట్టల వంటివి కూడా వేడిప్రియుల్లో దొరికాయి. బాక్టీరియాకు గాని, మనకు గాని పట్టే వైరస్‌లలో ఇన్ని వింత ఆకారాలు లేవు. వీటి జన్యువుల్లో చాలాభాగం మనకు తెలిసిన ఏ జన్యువులతోనూ పోలడం లేదు.

ఐతే ఒకచోట పోలిక కనిపించింది. ఎల్లోస్టోన్ గుంటలో సల్ఫోలోబస్‌కు పట్టే, ఇరవై ముఖాలు గల ఒక వైరస్‌ను మాంటానా స్టేట్ విశ్వవిద్యాలయం బృందం కనుగొన్నది. 2004లో దాని తొడుగు నిర్మాణాన్ని పరిశీలిస్తే, దానిలోని ప్రోటీన్ మడత బాక్టీరియాకు పట్టే ఒక వైరస్‌లోనూ, మనకు జలుబు, కళ్ళకలక తెప్పించే అడినోవైరస్‌లోనూ ఉన్నదానిని పోలి ఉంది! జీవవృక్షపు మూడు శాఖలకూ పట్టే వైరస్‌లు ఒకే అచ్చుతో తొడుగు కట్టుకుంటున్నాయన్నమాట. ఆ మూడు శాఖలు విడిపోకముందే, వందల కోట్ల సంవత్సరాల నాడే, ఈ తొడుగుగల వైరస్ ఏదో ఉండి ఉండాలని చాలామంది శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

మనకేమిటి లాభం?

ఈ వైరస్‌లు మనకు సోకుతాయేమోనని భయపడనక్కరలేదు. మన ఒంటి వేడి వాటికి చాలదు. వాటికి ఆతిథ్యమిచ్చే ఆర్కియా మన ఒంట్లో బతకదు.

లాభం మాటకు వస్తే, వేడి గుంటలు ఇదివరకే ఒకసారి మన రుణం తీర్చాయి. బ్రాక్, ఆయన విద్యార్థి హడ్సన్ ఫ్రీజ్ ఎల్లోస్టోన్‌లో కనుగొని 1969లో వర్ణించిన థెర్మస్ అక్వాటికస్ అనే బాక్టీరియాలో, వేడికి చెడని ఒక ఎంజైము ఉంది. కేరీ మల్లిస్ 1983లో ఊహించిన పి.సి.ఆర్. పద్ధతి ఆ ఎంజైము వల్లనే వాడుకలో స్థిరపడింది. 2020లో కరోనా వచ్చినప్పుడు కోట్లాది మందికి చేసిన పరీక్ష ఆ పద్ధతిలోనిదే. గుంటలో సూక్ష్మజీవిని వెతికిననాడు ఈ సంగతి ఎవరికీ తెలియదు. డి.ఎన్.ఎ.ను పొడిగా దాచే కడ్డీ వైరస్ దుప్పటిని చూసి, జన్యువులను చెడకుండా ఒకచోటి నుంచి మరో చోటికి చేరవేసే సాధనం చేయవచ్చునా అని కొందరు ఇప్పుడు ఆలోచిస్తున్నారు.

ఇక మన వాక్యం సంగతి. తోకల వైరస్ కణం బయట తినలేదు, పెరగలేదు, ఒకటి రెండు కాలేదు. కనుక "వైరస్ తన సంఖ్యను కణం లోపలే పెంచుకోగలదు" అన్నంత వరకు మన పాఠం నూటికి నూరుపాళ్ళూ నిజం. "కణం వెలుపల ఏ మార్పూ లేదు" అన్న రెండో సగాన్ని మాత్రం కొంచెం తుడిచి రాసుకోవాలి. పొగాకు మొక్కనూ, జలుబునూ చూసి రాసిన వాక్యమది. పొజ్జువోలీ గుంటలో పట్టిన కొంచెం నీరు దాన్ని దిద్దింది. మీ పాఠాల్లో "ఎప్పుడూ", "ఏదీ కాదు" అన్న మాటలు కనిపించినప్పుడు ఒక్క క్షణం ఆగి, ఆ మాట ఎక్కడెక్కడ వెతికి చూసి రాశారో మీ ఉపాధ్యాయులను అడగండి.